వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేని దారి

మా ఆఫీసులో సైకిలు పిచ్చోళ్ళు ముగ్గురున్నారు. శని ఆదివారాలు పిరనీస్ కొండలెక్కడం, సోమవారం కాఫీ మిషను దగ్గర ఎవరు ఎన్ని మీటర్ల ఎత్తెక్కారో లెక్కలు చెప్పుకోవడం వాళ్ళ పని. 2022 సెప్టెంబర్లో మా నాన్న ఇక్కడికి, అంటే తులూజ్‌కి వచ్చినప్పుడు, "ఆయన్ని తీసుకుని గరోన్ కాలవ వెంబడి సైకిళ్ళ మీద వెళ్దామనుకుంటున్నా" అని చెప్పాను. ముగ్గురూ ఒకేసారి నవ్వారు. ఒకతనైతే "అది సైక్లింగ్ కాదు, కూర్చుని చేసే వాకింగు" అన్నాడు. బోరు కొట్టి చస్తావు, పక్కనే అంత అందమైన కొండ రోడ్లు పెట్టుకుని ఆ కాలవ గట్టు మీద ఎందుకూ అని మిగతా ఇద్దరూ అందుకున్నారు.

బోరు అన్న మాటలో కొంత నిజముంది, దాచను. కానీ అలాంటి దారులు ఎవరి కోసం ఉన్నాయో వాళ్ళకి తెలీదని నా అభిప్రాయం. వాళ్ళకి భయం లేదు కాబట్టి తెలీదు.

మా నాన్న కోనసీమలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళ పైన, రోజూ పోనూ రానూ పద్నాలుగు కిలోమీటర్లు కాలవ గట్టు రోడ్డు మీద సైకిలు తొక్కాడు. రిటైరయ్యాక కూడా మానలేదు. 2011 ఎండాకాలంలో ఇటుకలు తోలే ట్రాక్టరు ఒకటి దాటుతూ దాటుతూ వెనక ట్రక్కుతో మోచేతికి తగిలించింది. సైకిలుతో సహా కాలవలో పడ్డాడు. అప్పటికి కాలవలు కట్టేసున్నాయి గనక మోకాల్లోతు బురదలో పడ్డాడు, అదే నీళ్ళున్న రోజులైతే ఏమయ్యేదో. మోచెయ్యి విరిగింది. ఆపరేషనూ, మూడు నెలల కట్టూ. మా అమ్మ సైకిలు టైర్లకి గాలి తీయించేసి కొట్టుగదిలో పెట్టించింది. నాన్న కూడా ఏమీ అనలేదు. అదే నాకు ఆశ్చర్యం... ఏదో ఒకటి అంటాడనుకున్నాను.

కాబట్టి నేను ఆ గట్టు దారి ఎంచుకోవడానికి కారణం అందం కాదు. మోటారు బండి రాదు, అంతే.

ముందు ఆ దారి సంగతి చెప్పాలి. తులూజ్ నుంచి పడమటగా, గరోన్ నది పక్కనే, కాస్తెత్-ఆన్-దోర్త్ అనే ఊరి దాకా 193 కిలోమీటర్ల కాలవ. 53 లాకులు. ఇటు తూర్పున మధ్యధరా సముద్రం నుంచి తులూజ్ దాకా 1681లోనే పూర్తయిన మిది కాలవ ఉంది (యునెస్కో వాళ్ళు 1996లో గుర్తించింది అదే). తులూజ్ నుంచి అట్లాంటిక్ వైపు పడవలు గరోన్ నదిలోనే పోయేవి. అది వరదొస్తే ఊళ్ళు ముంచేస్తుంది, ఎండాకాలం చిక్కిపోతుంది. అందుకని నది పక్కనే ఇంకో కాలవ తవ్వుదామని 1838లో మొదలెట్టి, 1856కి పూర్తిచేశారు. పద్దెనిమిదేళ్ళ ప్రాజెక్టు. సరిగ్గా మరుసటేడు, 1857లో, దాని పక్కనుంచే బోర్దో నుంచి సేత్ దాకా రైలు మార్గం వచ్చింది! పద్దెనిమిదేళ్ళు కోడు రాసి రిలీజు చేసిన మర్నాడే ఆ టెక్నాలజీ పాతబడిపోవడం అన్నమాట. మనవాళ్ళకి ఈ బాధ బాగా అర్థమవుతుంది :) అంతటితో ఆగలేదు. 1858లో ప్రభుత్వం ఆ కాలవని నలభై ఏళ్ళకి అదే రైలు కంపెనీకి లీజుకిచ్చింది. పోటీదారుడి చేతిలో పెట్టాక కాలవ బాగుపడుతుందా?

బాగుపడలేదు. కానీ పోలేదు కూడా. నా దృష్టిలో అసలు విషయం ఇదే. పడవలు పోయినా గట్టు ప్రభుత్వానిదిగానే ఉండిపోయింది. ఎవరూ ముక్కలు చేసి అమ్మలేదు, ఎవరి పొలంలోనూ కలిసిపోలేదు. వెనకటికి పడవల్ని తాళ్ళు కట్టి గుర్రాలు లాగేవి. ఆ గుర్రాలు నడిచిన బాటనే ఇక్కడ హలాజ్ దారి అంటారు. కాలవ ఎంత పొడుగో ఆ బాటా అంత పొడుగు, మధ్యలో తెంపు లేకుండా. ఇప్పుడు దాని మీద తారు పోసి సైకిళ్ళకీ, నడిచేవాళ్ళకీ వదిలారు. ఇలాంటి దారుల్ని ఫ్రాన్సులో 'వ్వా వెర్త్' అంటారు, పచ్చదారి అని అర్థం. 2004లో ట్రాఫిక్ చట్టంలోకే ఎక్కించారు: మోటారు లేని బండ్లకీ, పాదచారులకీ, గుర్రపు రౌతులకీ మాత్రమే అని. మొట్టమొదటిది 1997లో బర్గండీ ప్రాంతంలో జివ్రీ నుంచి క్లూనీ దాకా, మూసేసిన రైలు కట్ట మీద వేశారు.

ఇందులో ఇంజినీరుగా నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. ఇప్పుడెవరైనా 190 కిలోమీటర్ల సైకిలు దారి కొత్తగా వెయ్యాలంటే ఖర్చంతా తారుకి కాదు, కూడళ్ళకి అవుతుంది. ప్రతి అడ్డరోడ్డు దగ్గరా ఒక వంతెనో, సిగ్నలో కావాలి. ఈ కాలవకి ఆ సమస్యని 1850ల్లోనే తీర్చేశారు, అదీ సైకిళ్ళని దృష్టిలో పెట్టుకుని కాదు. పడవ పోవాలంటే రోడ్డు ఎత్తులో ఉండాలి కదా, అందుకని అడ్డంగా వచ్చే రోడ్లన్నీ వంతెనలెక్కి దాటతాయి. గుర్రం ఆగకూడదు గనక బాట కూడా వంతెన కిందనుంచే పోతుంది. మనం సైకిలు తొక్కుకుంటూ పోతుంటే నెత్తి మీద లారీలు పోతుంటాయి, మన జోలికి రావు. అక్కడక్కడా దారి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మారేటప్పుడు తప్ప కారు ఎదురుపడదు. లాకు ఉద్యోగుల బండి ఎప్పుడైనా ఒకటి వస్తుంది, అది కూడా మన వెనకాలే నెమ్మదిగా.

సరే, ప్రయాణం. మొదటి ఇరవై కిలోమీటర్లు చెత్తగా ఉంటుంది. తులూజ్ ఉత్తరం వైపంతా రైల్వే యార్డులు, గోడౌన్లు, హైవే మోత. ఫొటోల్లో చూపించే ప్లేన్ చెట్ల నీడలు ఆ తర్వాతగానీ మొదలవ్వవు. నాన్నకి అడ్డ గొట్టం లేని, ఏడు గేర్ల అద్దె సైకిలు తీసుకున్నాను. గేర్లు ముట్టుకోనన్నాడు. ముట్టుకోలేదు కూడా, ఆరు రోజులూ నాలుగో గేరులోనే తొక్కాడు. అవసరం కూడా లేదనుకోండి, కాలవ మొత్తం మీద దిగుడు 128 మీటర్లు, అదంతా లాకుల దగ్గరే. మిగతాదంతా పళ్ళెంలా ఉంటుంది.

నేను వెనకున్నాను కాబట్టి ఒకటి గమనించాను. నాన్న నిమిషానికోసారి తల తిప్పి వెనక్కి చూస్తున్నాడు. మోచెయ్యి విరిగిన వైపుకే. "నాన్నా, ఇక్కడ బండ్లు రావు" అన్నాను. "తెలుసురా" అన్నాడు. మళ్ళీ చూశాడు. మెడకి చెప్పినంత మాత్రాన అర్థం కాదు కదా.

మొదటి లాకు దగ్గర మాత్రం సైకిలు ఆపేశాడు. "ఒరేయ్, ఇవి మన లాకులేరా!" అన్నాడు. ఆ తర్వాత ప్రతి లాకు దగ్గరా ఆగడమే. తలుపులు, కవాటాలు, పక్కన లాకు కాసేవాడి ఇల్లు, ఇంటి మీద వచ్చే లాకు ఎంత దూరమో రాసిన పలక, అన్నీ పరీక్షగా చూశాడు. పడవ వాళ్ళు నీళ్ళ మీదకి వేలాడే ఒక కర్రని మెలితిప్పితే లాకు దానంతటదే నిండడం మొదలెడుతుంది. ఒక పడవ మొత్తం కిందికి దిగేదాకా నిలబడి చూసి, "మావాడైతే బీడీ ముట్టించి, టీ తాగి, అప్పుడు తిప్పేవాడు" అన్నాడు. ఆజాన్ ఊళ్ళో కాలవ గరోన్ నదిని వంతెన మీంచి దాటుతుంది. 23 కమానులు, అర కిలోమీటరు పైన పొడుగు, కింద నది, పైన నీళ్ళల్లో పడవ. నా ఆఫీసు మిత్రులు కూడా దీన్ని మాత్రం ఒప్పుకుంటారు. నాన్న దాని మీద నిలబడి "గన్నవరం అక్విడక్టు లాగే ఉంది, నీళ్ళే తక్కువ" అని తేల్చేశాడు.

ఆ పోలిక ఊరికే అన్నది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847 - 1852 మధ్య. గోదావరి డెల్టా కాలవలూ, గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద అక్విడక్టూ ఆ కాలానివే. అంటే ఇక్కడ ఈ కాలవ తవ్వుతున్న రోజుల్లోనే అక్కడా తవ్వుతున్నారు. అవీ పడవలు నడవడానికి పనికొచ్చేట్టుగానే కట్టారు, అందుకే లాకులున్నాయి. నాన్న చిన్నప్పుడు గట్టు మీంచి మనుషులు తాళ్ళతో పడవలు లాగడం చూశాడట. ఇక్కడ గుర్రం, అక్కడ మనిషి, అంతే తేడా.

మూడో రోజు గురించి చెప్పాలి. మ్వాసాక్ నుంచి బయల్దేరాం. అక్కడ కాలవ ఊరి మధ్యలోంచే పోతుంది. 1100 నాటి శిల్పాల మండపం ఉన్న మఠం చూశాం. రైలు మార్గం వేసేటప్పుడు దాన్ని కూడా కూలగొట్టబోయి, ఆఖరికి పక్కనున్న భోజనశాలతో సరిపెట్టుకున్నారట (మళ్ళీ అదే రైలు!). 1930 మార్చిలో టార్న్ నదికి వరదొచ్చి ఆ ఊళ్ళో వందమందికి పైగా పోయారు. సంతలో షస్సెలా ద్రాక్ష కొనుక్కున్నాం. పలచటి తోలు, తేనె రంగు, మన వైపు ద్రాక్షకీ దీనికీ సంబంధం లేదు. ఆ మధ్యాహ్నం వెనకనుంచి ఓతాన్ గాలి అందుకుంది, అది ఆగ్నేయం నుంచి వీచే గాలి, పడమరకి పోయేవాళ్ళకి వరం. గోల్ఫెష్ అణువిద్యుత్ కేంద్రం చిమ్నీలు రెండూ ఎంతసేపటికీ ఎదురుగానే కనపడుతున్నాయి. ఒక్కోటీ 178 మీటర్లు. అప్పుడు నాకు తట్టింది, నాన్న చాలాసేపటి నుంచి వెనక్కి చూడట్లేదు. రోడ్డు వైపు కూడా చూడట్లేదు. చేపలు పట్టేవాళ్ళని చూస్తూ, ఏదో కూనిరాగం తీస్తూ తొక్కుతున్నాడు. నేను ఏమీ అనలేదు. అంటే గుర్తుకొస్తుందని.

బోరు సంగతి. ఆజాన్ దాటాక ఒక్కోచోట కాలవ స్కేలు పెట్టి గీసినట్టు కిలోమీటర్ల కొద్దీ తిన్నగా పోతుంది. అటు చెట్లు, ఇటు చెట్లు, మధ్యలో ఆకుపచ్చ నీళ్ళు. నాకు కాసేపటికి విసుగొచ్చిందనే చెప్పాలి. కొండ రోడ్లు అలవాటైనవాడికి మరీ వస్తుంది. కానీ విసుగు రావడమంటే ఏమిటి, ప్రమాదం కోసం కాచుకోవాల్సిన పని లేదని మెదడుకి తెలిసిపోయిందని కదా. నా మిత్రులకి అది లోటు. మా నాన్నకి పదకొండేళ్ళుగా దొరకనిది అదే.

పోతే, ఈ దారుల్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. దారి బ్రహ్మాండం, దారి దిగితే సంగతేమిటి?

నాలుగో రాత్రికి బస కాలవకి రెండున్నర కిలోమీటర్ల అవతల ఒక పల్లెలో దొరికింది. మ్యాపులో రెండున్నరే కదా అనుకున్నాను. అది జిల్లా రోడ్డు. పక్కన జానెడు గడ్డి, దాని పక్కన గుంట. అలాంటి రోడ్ల మీద గంటకి 90 ఉన్న స్పీడుని దేశం మొత్తం మీద 2018లో 80 చేశారు, తర్వాత కొన్ని చోట్ల మళ్ళీ 90 చేసుకున్నారు. ఊరి బయట సైకిలుకి మీటరున్నర ఎడం ఇచ్చి దాటాలని చట్టముంది. చాలామంది ఇస్తారు కూడా. ఆ సాయంత్రం ధాన్యం లారీ ఒకటి ఇచ్చిందో లేదో నాకు తెలీదు, గాలికి నా సైకిలే ఊగింది. చూసేసరికి నాన్న సైకిలు దిగి గుంటలో నిలబడి ఉన్నాడు. హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని, కదలకుండా. "నడుద్దాం" అన్నాడు. రెండు కిలోమీటర్లూ గడ్డిలో నడిచాం. ఆ రాత్రి భోజనం దగ్గర ఎక్కువ మాట్లాడలేదు. మర్నాడు కాలవ గట్టు మీదకి వచ్చాక కూడా ఒక గంట సేపు వెనక్కి చూసుకుంటూనే తొక్కాడు.

మూడు రోజుల్లో పోయిన భయం రెండు నిమిషాల్లో వచ్చేసింది. పోనీ మేం బయటివాళ్ళం, వారం రోజుల్లో పోతాం. ఆ పల్లెలో పిల్లవాడు బడికి, ముసలావిడ రొట్టెల కొట్టుకి ఎలా వెళ్తారు? కారులోనే. కాలవ రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఆ దారి వాళ్ళకి లేనట్టే, దాన్ని చేరాలంటే ఆ రోడ్డే దిక్కు. మేం ఆరు రోజుల్లో గట్టు మీద చూసినవాళ్ళలో సంచులు కట్టుకున్న టూరిస్టులు, ఆదివారం షికారుకొచ్చినవాళ్ళు ఎక్కువ. పనికి వెళ్ళేవాళ్ళు, సంచీలో కూరగాయలున్నవాళ్ళు పట్టణాల దగ్గర తప్ప కనపడలేదు. దీన్ని రవాణా అనాలా, పార్కు అనాలా? నా లెక్కలో 193 కిలోమీటర్ల పొడుగున్న, మూడు మీటర్ల వెడల్పున్న పార్కు. మంచి పార్కే. కాకపోతే ఇంకో 193 కిలోమీటర్లు పొడిగించడం కన్నా, ఉన్నదాని నుంచి పక్క ఊళ్ళకి రెండేసి కిలోమీటర్ల కొమ్మలు వెయ్యడం నయమని నా వాదన. దానికి ప్రచార పుస్తకాల్లో ఫొటో ఉండదు, అదొక్కటే ఇబ్బంది.

ఇంకొంచెం సణుగుడు: పన్నెండు నుంచి రెండింటి దాకా, సోమవారం పొద్దంతా ఊళ్ళు మూసేసి ఉంటాయి. నాన్న శాకాహారి. టమాటాలు, రొట్టె, జున్ను, ఆజాన్ ఎండు ప్రూన్ పళ్ళు, మా ఆవిడ కట్టిచ్చిన చింతకాయ పచ్చడితో బతికాం. రొట్టెలో చింతకాయ పచ్చడి బావుంటుంది, ఇది మాత్రం ఎవరు కాదన్నా ఒప్పుకోను.

మన దగ్గర సంగతి అడుగుతారు. హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు 2023 అక్టోబర్లో తెరిచారు. పైన 16 మెగావాట్ల సోలార్ పలకల కప్పు, ఎండ పడదు, మంచి ఆలోచన. కానీ నేను వెళ్ళినప్పుడు అక్కడికి సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాళ్ళ కన్నా కారు వెనక సైకిలు కట్టుకొచ్చినవాళ్ళే ఎక్కువ కనపడ్డారు. ఫ్రాన్సువాడు చేసిన తప్పునే మనం నీడ పట్టి చేశాం.

కోనసీమ గట్ల మాటకొస్తే, రెండు గట్లున్న చోట ఒక గట్టు మీద లారీలూ ట్రాక్టర్లూ ఆపేస్తే చాలదా అని నాన్నని అడిగాను. ఆయన నా అంత తొందరపడలేదు. "ఆ గట్ల మీదే కదరా ఇళ్ళు లేనోళ్ళంతా పాకలేసుకుంది. నువ్వు సైకిలు దారంటే ముందు లేచేది వాళ్ళే, ట్రాక్టరు కాదు" అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. పాకలు ఉండగానే బండ్లు ఆపొచ్చు కదా అంటాను నేను, ఇల్లున్నచోటికి ఆటో రావద్దంటావా అంటాడు ఆయన. ఫోనులో ఇంకా నడుస్తోంది ఈ గొడవ.

ఆఖరి రోజు ల మాస్-దజనే దగ్గర గుట్టెక్కితే చర్చి ఉంది, 1631లో రెంబ్రాండ్ గీసిన శిలువ బొమ్మ ఆ చిన్న ఊరి సొత్తు, చూద్దామన్నాను. గుట్ట చూసి, "నువ్వు చూసొచ్చి చెప్పు" అని కాలవ పక్క బెంచీ మీద కూలబడ్డాడు. నేనూ ఎక్కలేదు. కాస్తెత్ దగ్గర కాలవ ఆఖరి లాకు దిగి గరోన్‌లో కలుస్తుంది. అక్కణ్ణుంచి బోర్దో వైపు పోవాలంటే కొంత దూరం మామూలు రోడ్లు, ఆ తర్వాత సోవ్‌తేర్ నుంచి పాత రైలు కట్ట మీద వేసిన ఇంకో పచ్చదారి దొరుకుతుంది, 1937లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన రోజే లాపెబీ పేరు పెట్టారు దానికి. ఆ మధ్యలో రోడ్లు నాన్నకి చూపించదల్చుకోలేదు. లాంగోన్ స్టేషను దాకా టాక్సీ మాట్లాడి, సైకిళ్ళు ఎక్కించి, రైల్లో తిరిగొచ్చేశాం. ఆరు రోజులు తొక్కిన దూరాన్ని రైలు రెండు గంటల్లో వెనక్కి తిప్పేసింది, కిటికీలోంచి కాలవ కనపడుతూనే ఉంది.

మీరెవరైనా పెద్దవాళ్ళతో వెళ్ళేట్టయితే, బస కాలవ గట్టు మీదే, లేకపోతే మ్వాసాక్, ఆజాన్ లాంటి కాలవ ఒడ్డు ఊళ్ళల్లోనే చూసుకోండి, డబ్బు పది యూరోలు ఎక్కువైనా సరే. నాన్న ఈసారి అమ్మని కూడా తీసుకొస్తానంటున్నాడు. అమ్మకి సైకిలు రాదు. వెనక కూర్చోబెట్టుకుని తొక్కుతాడట, క్యారియరున్న సైకిలు వెతకమన్నాడు.